అగ్గిపెట్టె అంత బొమ్మ వేసి అర్థం అడిగితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో నైరూప్య చిత్రకళ (ఫలానా వస్తువని పోల్చుకునే ఆకారం లేకుండా రంగులు, గీతలతోనే వేసే బొమ్మలు) మీద వచ్చిన వ్యాసం చదివాను. మా రొయ్యల గుంట గట్టు మీది షెడ్డులో, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు మధ్య రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కోపం వచ్చింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు గాని కొంచెం సర్దుకుంది, అందుకే ఈ ఉత్తరం.

వ్యాసకర్త చెప్పినవి స్థూలంగా మూడు సంగతులు. నైరూప్య చిత్రాలు చిన్నపిల్లల చేతికి రంగులిచ్చినా వస్తాయని, డబ్బున్నవాళ్లను బురిడీ కొట్టించడానికే వాటిని వేస్తారని ఒకటి. పేరుమోసిన మ్యూజియంలో బొమ్మను తలకిందులుగా వేలాడదీసినా ఎవరూ పోల్చుకోలేదని రెండోది. చివర్లో పాఠకుల మీద జాలిపడి, ఎరుపు అంటే కోపం, నీలం అంటే శాంతి, ఆకుపచ్చ అంటే ప్రశాంతత అంటూ పక్కన గడి కట్టి ఇచ్చిన పట్టిక మూడోది. మొదటి రెండూ ఎగతాళి. మూడోది సాయం. నిజం చెప్పాలంటే ఆ ఎగతాళి కంటే ఈ సాయమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను చిత్రకారుణ్ని కాను, విమర్శకుణ్నీ కాను. విడవలూరు మండలంలో రొయ్యల రైతును. 1990ల మొదట్లో మా నాన్నతో కలిసి టైగర్ రొయ్య వేశాను. ఆ తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి ఈ తీరమంతా చేతులెత్తేసిన రోజులు చూశాను. 2009లో వనామి అనే రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ గుంటల్లో దిగాను. బొమ్మల గురించి మాట్లాడటానికి ఇదేం అర్హత అని మీరు అడగవచ్చు. ఆకారం లేని రంగును రోజుకు రెండుసార్లు చూసి, దాన్నిబట్టి లక్షల రూపాయల నిర్ణయం తీసుకునే వృత్తి మాది. ఆ మాత్రం అర్హత ఉందనే అనుకుంటున్నాను.

తెల్లవారి గట్టు మీదికి రాగానే మేము మొదట చూసేది రొయ్యను కాదు. అది కనపడదు, అడుగున ఉంటుంది. చూసేది నీటి రంగును. లేత ఆకుపచ్చగా ఉంటే ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే కంటికి కనపడనంత చిన్న జీవులు, సరిపడా ఉన్నట్టు. పలుచని టీ డికాక్షన్ రంగుకు తిరిగితే డయాటములనే సన్న నాచు పెరిగినట్టు. మా దగ్గర చాలామందికి అదే ఇష్టమైన రంగు. ముదురు పచ్చగా, పైన పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కడితే నీలి ఆకుపచ్చ నాచు వచ్చిందని బెంగ మొదలు. ఎర్రబారితే గుండె దడ. అన్నిటికంటే భయంకరమైన రంగు ఏదో తెలుసా అండీ? ఏ రంగూ లేకపోవడం. ఊళ్లో తేట నీరంటే మంచినీరు. మా గుంటలో రాత్రికి రాత్రి నీరు తేటపడిందంటే ప్లవకాలన్నీ చచ్చి అడుగుకు చేరాయని, ఆక్సిజన్ పడిపోబోతోందని.

దీనికి కొలతలు లేకపోలేదు. నలుపు తెలుపు వంతులుగా రంగు వేసిన 20 సెంటీమీటర్ల పళ్లేన్ని తాడు కట్టి నీళ్లలోకి దింపుతాం. ఎక్కడ కనుమరుగైతే అక్కడ కొలత. 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఫరవాలేదు. సెక్కి డిస్కు అంటారు. 1865లో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త పోపు గారి ఓడ మీద నుంచి ఇలాంటిదే సముద్రంలోకి దింపి చూశాడట. కొలత ఉన్నా, చేయి తిరిగిన రైతు ముందు రంగును చూసి, తర్వాతే పళ్లెం దింపుతాడు. ఏదో తేడాగా ఉంది అని కడుపులో ముందు తెలుస్తుంది, లెక్క ఆ తర్వాత వస్తుంది.

ఇప్పుడు మీ పట్టిక దగ్గరికి వద్దాం. ఆకుపచ్చ అంటే ప్రశాంతత అన్నారు. ఇది మీ వ్యాసకర్త సొంత తప్పు కాదని తర్వాత తెలిసింది. నైరూప్య చిత్రకళకు ఆద్యుల్లో ఒకడైన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911 చివర కళలోని ఆధ్యాత్మికత గురించి ఒక పుస్తకం తెచ్చాడు. పసుపు మన మీదికి దూసుకొస్తుందని, నీలం లోపలికి ముడుచుకుంటుందని అందులో రాశాడు. ఆకుపచ్చను అయితే బాగా మేసి, కదలకుండా పడుకుని నెమరువేసే ఆవుతో పోల్చాడు. అంత పెద్దాయనతో నాకు తగవు ఎందుకు గాని, ఒక్క రాత్రి మా గట్టు మీద పడుకుని ఉంటే ఆ ఆవు మాట అనేవాడు కాదు. గుంటలోని ఆ పచ్చదనమే పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే రొయ్యలతో పోటీపడి ఆ ఆక్సిజన్‌నే తాగుతుంది. మధ్యాహ్నం ధైర్యం చెప్పిన రంగే తెల్లవారుజామున నాలుగింటికి గొంతు పట్టుకుంటుంది. రంగుకు అర్థం ఒక్కటే ఉంటుందని చెప్పేవాళ్లు దాని పక్కన రాత్రి మేలుకుని ఉండనివాళ్లు.

ఇదంతా నాకు ముందే తెలుసునని గొప్పలు పోవడం లేదు. నిన్నమొన్నటి దాకా నేనూ మీ వ్యాసకర్త పక్షమే. మా అమ్మాయి ఇంటర్ అయ్యాక ఇంజనీరింగు వద్దని, ఫైన్ ఆర్ట్స్‌లో పెయింటింగ్ చదువుతానంది. సరే, దేవుడి బొమ్మలు, ప్రకృతి దృశ్యాలు వేస్తుంది కాబోలు అనుకున్నాను. రెండో ఏడు సెలవులకు వచ్చి ఫోనులో తన బొమ్మలు చూపించింది. "ఇదేమిటి తల్లీ, రొయ్యల పట్టుబడి అయ్యాక గుంట అడుగు ఇలాగే ఉంటుంది" అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. తనూ నవ్వింది. మర్నాటి నుంచి ఇంకే బొమ్మా చూపించలేదు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది.

చదువు చివరి ఏట, హాస్టల్లో పెట్టుకునే చోటు లేదని పెద్ద క్యాన్వాసు ఒకటి పాత చీరలో చుట్టి ఇంటికి పంపింది. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. మా ఆవిడ దాన్ని హాల్లో టీవీ పక్కన మేకు కొట్టి తగిలించింది. అడుగున నల్లనిదేదో, పైన ముదురు పచ్చ, వాటి మధ్య అడ్డంగా సాగిపోయిన తెల్లటి పట్టీ. పట్టీ కూడా నిండుగా లేదు, గుడ్డతో తుడిచేసినట్టు అక్కడక్కడ చెదిరి ఉంది. ఉగాది నుంచి దసరా దాకా అది అలాగే ఉంది. దాని కింద కూర్చుని భోంచేశాను, వార్తలు చూశాను, మేత కంపెనీ వాళ్లతో బాకీల లెక్కలు మాట్లాడాను. ఒక్కనాడూ నాకు ఏమీ అనిపించలేదు.

దసరాకు అమ్మాయి వచ్చి, గుమ్మంలోనే సంచి వదిలేసి పకపకా నవ్వింది. బొమ్మ తలకిందులుగా ఉందట! స్టూలు వేసుకుని ఎక్కి తిప్పి పెట్టింది. నల్లటిది పైకి వెళ్లింది, పచ్చనిది కిందికి దిగింది, తెల్లటి పట్టీ కంటికి కొంచెం కింద నిలిచింది. నేను అప్పుడు కాఫీ తాగుతున్నాను. గ్లాసు పక్కన పెట్టేశాను. కడుపులో ఎవరో చేయి పెట్టి తిప్పినట్టయింది.

ఎందుకో చెప్పాలంటే అంతకు రెండేళ్ల క్రితం జరిగిన ఒక రాత్రి గురించి చెప్పాలి. మూడు రోజులుగా మబ్బు, ఎండ లేదు. పంట డెబ్బై రోజులది, డెబ్బై కౌంటుకు, అంటే కిలోకు డెబ్బై రొయ్యలు తూగే సైజుకు, వచ్చి ఉంది. అర్ధరాత్రి కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. ఏరియేటర్లు ఆగిపోయాయి. గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఆ చక్రాలు నీళ్లను కొడుతున్నంతసేపూ హాయిగా నిద్రపోతాం, చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాం. అలా లేచాను. సెలవులకు వచ్చిన అమ్మాయి టార్చి పట్టుకుని నా వెనకే వచ్చింది. రొయ్యలు పైకి తేలి గట్టు అంచుకు చేరుతున్నాయి. టార్చి పడితే వాటి కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయి, గుంట చుట్టూ అవే. మెకానిక్కు వచ్చి జనరేటరు తిరిగేలా చేసేసరికి తెల్లవారుజాము అయింది. ఒక ఏరియేటరు కదిలి, చీకట్లో నీళ్ల మీద అడ్డంగా తెల్లటి నురగ చార పరుచుకుంది. అప్పటికే రెండు గుంటలు పోయాయి. ఆ చారను చూస్తూ నేను గట్టు మీద కూలబడ్డాను. నా పక్కన అమ్మాయి.

ఆ బొమ్మ అదే. ఆ చీకటి, ఆ నీరు, ఆలస్యంగా వచ్చిన ఆ నురగ. రొయ్యా లేదు, గట్టూ లేదు, మనిషీ లేడు. అయినా అంతా ఉంది. "ఇది ఆ రాత్రే కదమ్మా" అన్నాను. నా గొంతు కొంచెం వణికింది. తను రాసిన రహస్య లిపిని చదివేశానని లోపల గర్వం కూడా కలిగింది.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"అది కాదు నాన్నా. నానమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బయట వరండాలో మూడు రాత్రులు కూర్చున్నాను కదా. అది."

మా అమ్మకు గుండె నొప్పి వచ్చి నెల్లూరులో చేర్పించినప్పటి సంగతి. నేను బిల్లుల వెంట, మందుల వెంట తిరిగాను. ఐసీయూ బయట కూర్చున్నది ఆ పిల్లే. రాత్రి మూడింటికి నేల తుడిచి వెళ్లేవారట. తడి నేల మీద ట్యూబులైటు వెలుగు వరండా ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా పడేదట. "అయినా నేను ఆ ట్యూబులైటును వేయలేదు నాన్నా. తలుపు తెరుచుకుని ఎవరో వచ్చి ఏదో చెబుతారని చూస్తున్నప్పుడు లోపల ఉండేదే, అది వేశాను" అంది. కాసేపాగి, "నువ్వు చెప్పింది తప్పేమీ కాదులే" అని కూడా అంది. నా మొహం చూసి జాలిపడినట్టుంది.

ఈ కథలో ఇంకొంచెం ఉంది. మా అమ్మ అప్పటికి కోలుకుని ఇంటికొచ్చి బాగానే ఉంది. ఈ మాటలన్నీ మంచం మీద నుంచి వింటూ, కళ్లజోడు సర్దుకుని బొమ్మకేసి చూసి, "నాకు మాత్రం తెల్లవారకముందే కళ్లాపి చల్లిన వాకిలిలా ఉంది" అంది.

ముగ్గురికి మూడు కనిపించాయి కాబట్టి బొమ్మకు అర్థమే లేదని మీ వ్యాసకర్త అనవచ్చు. నేనూ కొన్నాళ్లు అలాగే తికమకపడ్డాను. కానీ ముగ్గురిలో ఎవరికీ మిట్టమధ్యాహ్నం కనిపించలేదు. ఎవరికీ పెళ్లి పందిరి కనిపించలేదు. నాకు కనిపించిన సంఘటన తప్పు, నా కడుపులో తిప్పింది మాత్రం తప్పు కాదు. మా అమ్మాయి గుంటనో ఆసుపత్రినో వేసి ఉంటే, గుంట పోగొట్టుకున్నవాడికి ఒకటి, ఆసుపత్రిలో కూర్చున్నవాళ్లకు ఒకటి అందేవి. ఏదీ వేయలేదు కాబట్టే ఇద్దరికీ అందింది.

నెల్లూరు వాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. ఒకే రకం పిండి, ఒకే రకం రొట్టె. కానీ నీళ్లలో నిలబడి ఒకరు ఆరోగ్య రొట్టె అంటారు, ఒకరు విద్యా రొట్టె, ఒకరు సంతాన రొట్టె, ఇంకొకరు గృహ రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. ఆ ఏడు మా అమ్మ కోసం మేమూ నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె తీసుకున్నాం, మరుసటి ఏడు వెళ్లి ఇచ్చి వచ్చాం. గృహ రొట్టె చూడటానికి ఇల్లులా లేదేమిటి అని అక్కడ ఎవరూ అడగగా నేను వినలేదు. లక్షల మంది దాన్ని పట్టుకుని కళ్లు మూసుకుంటారు. కొందరు ఏడుస్తారు.

తలకిందుల విషయానికి వస్తే, వ్యాసకర్త చెప్పింది నిజమే. డచ్ చిత్రకారుడు మాండ్రియన్ 1941లో రంగు టేపులతో చేసిన ఒక చిత్రం దశాబ్దాలపాటు తిరగబడి వేలాడిందని 2022లో జర్మనీలో బయటపెట్టారు. న్యూయార్కు మ్యూజియంలో 1961లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ బొమ్మ ఒకటి 47 రోజులు తలకిందులుగా ఉంది. నాకూ నవ్వొచ్చింది. కానీ వ్యాసకర్త చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. ఆ మతీస్ బొమ్మ విషయం కనిపెట్టింది మ్యూజియం పండితులు కాదు, షేర్ల వ్యాపారంలో పనిచేసే ఒక మామూలు ప్రేక్షకురాలు. పడవ, నీళ్లలో దాని నీడ ఉన్న బొమ్మ అది. నీడ కంటే పడవకు ఎక్కువ గీతలు ఎందుకుండవని ఆవిడకు అనుమానం వచ్చింది. అంటే పైకీ కిందకీ తేడా ఉంది, చూసే కన్ను ఉంటే పట్టుకుంటుంది. మా ఇంట్లో ఆరు నెలలు తిరగబడి ఉన్నంతకాలం ఊరకే ఉన్న బొమ్మ, సరిగ్గా పెట్టిన క్షణంలో నన్ను పడగొట్టింది. ఎలా పెట్టినా ఒకటే అయితే అలా జరగకూడదు కదా. (కాండిన్‌స్కీకి దీనికి పూర్తి విరుద్ధంగా జరిగిందట. సాయంత్రం చీకటి వేళ గదిలోకి వస్తూ, పక్కకు ఒరిగి ఉన్న తన బొమ్మనే పోల్చుకోలేక, ఇంత అందమైన చిత్రం ఎవరిదా అని నిలబడిపోయాడట. నా వాదానికి ఇది అంతగా కలిసిరాదు. అయినా దాచడం ఎందుకని చెబుతున్నాను.)

ఇక చిన్నపిల్లలు కూడా వేస్తారన్న మాట. దీనికి నా దగ్గర సొంత అనుభవం ఉంది, కొంచెం సిగ్గుగా ఉన్నా రాస్తాను. పోయిన వేసవిలో గుంటలు ఎండబెట్టిన రోజుల్లో పని లేక, అమ్మాయి వదిలేసిన రంగుల ట్యూబులు, మందుల డబ్బాలు వచ్చిన అట్టపెట్టెలు ముందేసుకుని కూర్చున్నాను. ఏరియేటరు చప్పుడు ఆగినప్పుడు మెలకువ వచ్చే ఆ ఒక్క క్షణాన్ని వేయాలని నా ఆశ. మొదట మనిషినే వేశాను, మంచం మీద లేచి కూర్చున్నట్టు. యోగాసనాల పోస్టరులా వచ్చింది. మేలుకున్న మనిషి కనిపిస్తున్నాడు గాని, మెలకువ కనిపించడం లేదు. సరే, మనిషిని తీసేశాను. అప్పుడు తెలిసింది అసలు కష్టం. పట్టుకోవడానికి ముక్కూ లేదు, కన్నూ లేదు. ఈ నలుపు ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి? ఆగిన చోట అంచు పదునుగా ఉండాలా, చెదిరిపోవాలా? ఎవరూ చెప్పరు. లోపల ఉన్నదాన్ని అడిగితే ప్రతిసారీ ఇది కాదు అంటుంది, ఏది అవునో మాత్రం చెప్పదు. పదకొండు అట్టలు పాడుచేశాను. నాలుగు రంగులు దాటి కలిపితే అన్నీ బురదే. ఎనిమిదో అట్టలో ఎడమ మూల అరచేయంత మేర ఏదో వచ్చింది. దాన్ని బాగుచేద్దామని పోయి అదీ చెరిపేశాను. మా పక్కింటి పిల్లవాడికి కూడా ఒక అట్ట ఇచ్చి చూశాను. వాడు బస్సు వేశాడు. డ్రైవరుకు మీసాలతో సహా.

డబ్బు, పేరు కోసమే అనే మాటను పూర్తిగా కొట్టిపారేయను. అలాంటివాళ్లూ ఉంటారు. నాసిరకం సీడ్ (రొయ్య పిల్లలు) అమ్మేవాళ్లు ఉన్నంత మాత్రాన రొయ్యే లేదనం కదా. స్వీడన్‌లో హిల్మా అఫ్ క్లింట్ అనే ఆవిడ 1906 నుంచే నైరూప్య చిత్రాలు వేసింది. తాను పోయాక 20 ఏళ్ల దాకా వాటిని బయట పెట్టవద్దని చెప్పి మరీ 1944లో కన్నుమూసింది. మన దేశంలో గైతోండే అనే నైరూప్య చిత్రకారుడు ఏడాదికి పట్టుమని పది బొమ్మలు కూడా వేసేవాడు కాదట. వేయని రోజుల్లో ఏం చేసేవాడు అని అడిగాను. "చూస్తూ కూర్చునేవాడు" అంది అమ్మాయి. గట్టు మీద నేను చేసేదీ అదేగా అనుకున్నాను, పైకి అనలేదు.

దసరా గొడవ అయ్యాక నన్ను బొమ్మలు చూడటానికి చెన్నై తీసుకెళ్లింది. పొద్దున రైలెక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు. ఇంజంబాక్కంలో చోళమండలం అని కళాకారుల ఊరు ఉంది, 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ మొదలుపెట్టింది. అక్కడ ఆయన బొమ్మల్లో జాతక చక్రాల్లాంటి గళ్లు, లెక్కల గుర్తులు, సన్నని అక్షరాల వరసలు చూశాను. మలయాళం కాబోలు, నాకు రాదులే అనుకున్నాను. పక్కనే ఒక మలయాళీ పెద్దాయన నిలబడి ఉంటే ఏం రాశారండీ అని అడిగాను. ఆయనా కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చదవడానికి రావడం లేదన్నాడు. ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం. మా తాత ట్రంకుపెట్టెలో తాటాకులు ఉండేవి, ఇంట్లో ఎవరికీ చదవడం రాదు, పారేయడానికి చేతులు రావు. ఆ తాటాకుల ముందు కూర్చున్నప్పటి గుబులే అక్కడా కలిగింది. అక్షరం తెలియకుండానే కలిగింది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మీ వ్యాసంతో పాటు మూడు బొమ్మలు వేశారు. ఒకటి కాండిన్‌స్కీది, ఒకటి అమెరికా చిత్రకారుడు రోత్కోది, ఇంకొకటి ఎవరిదో పేరు వేయలేదు. మూడూ నలుపు తెలుపుల్లో, ఒక్కొక్కటి అగ్గిపెట్టె అంత. అదే అనుబంధం మొదటి పేజీలో నగల దుకాణం ప్రకటన మాత్రం నిండు రంగుల్లో, పేజీ పొడవునా ఉంది. రోత్కో బొమ్మలు చాలావరకు నిలువెత్తు మనిషి కంటే పెద్దవి. దగ్గరగా నిలబడి చూడాలని, రంగు మనల్ని చుట్టుముట్టాలని అంత పెద్దగా వేశాడు. అమెరికాలో హ్యూస్టన్ ఊళ్లో ఆయన 14 చిత్రాల కోసమే ఒక ప్రార్థనా మందిరం కట్టారు. ఆయన పోయిన మరుసటి ఏడు 1971లో తెరిచారు. జనం అక్కడికి వెళ్లి మౌనంగా కూర్చుంటారట. అలాంటి ఆయన బొమ్మ మీ పత్రికలో బూడిదరంగు చతురస్రంలా పడింది, దాని మీద పక్క పేజీ సిరా కూడా అంటుకుంది. దాన్ని చూపించి ఇందులో ఏముందో చెప్పండి అని పాఠకులను అడిగారు. గుంటలో నీళ్లను ఒక చెంచాడు తెచ్చి నా ముందు పెట్టి, పంట ఎలా ఉందో చెప్పు అన్నట్టుంది.

మన తెలుగువాళ్లలోనే గుడివాడలో పుట్టి, లండన్ వెళ్లి, అమెరికాలో స్థిరపడి, 2001లో పద్మశ్రీ అందుకున్న ఎస్.వి. రామారావు ఉన్నారు. జీవితమంతా నైరూప్య చిత్రాలే వేసినవారు. ఆయన బొమ్మ ఒకటి అర పేజీ వేయండి, రంగుల్లో. కింద అర్థం రాయకండి. ఎవరు వేశారు, ఎంత పెద్దది, దేనితో వేశారు అన్నది చాలు. వారం తర్వాత పాఠకులు ఏం రాస్తారో చూడండి. బూతులు వస్తే అవీ వేయండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రంగుల పట్టిక మాత్రం మళ్లీ వేయకండి. మా ఊళ్లో ఒక కుర్రాడు దాన్ని కత్తిరించి తన చిత్రలేఖనం నోటుపుస్తకంలో అంటించుకున్నాడు. వాడే, బస్సు వేసినవాడు.

అమ్మాయి అనుమతితో ఆ క్యాన్వాసు ఫోటోను ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వేస్తారో లేదో మీ ఇష్టం. చోటు చాలకపోతే నా ఉత్తరంలో ఎక్కడైనా కోత పెట్టండి గాని బొమ్మను చిన్నది చేయవద్దు. ఫోటో వెనక బాణం గుర్తు గీశాను. బాణం చూపే వైపు పైభాగం.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా